సత్తెమ్మ చెప్పిన ఇల్లు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చాలామంది ముందు ఈ మాట అని, తర్వాత వాళ్ల కథ మొదలుపెడతారని తెలుసు. నేను మాత్రం నా ఉద్యోగాన్ని బట్టి అంటున్నాను. పదకొండేళ్లు ఇక్కడ నర్సుగా పనిచేశాను. పోయినవాళ్ల కళ్లు మూశాను, ముక్కుల్లో దూది పెట్టాను, కాలి బొటనవేళ్లు కలిపి కట్టాను. పొద్దున ఒకరు పోయిన మంచం మీద దుప్పటి మార్చి, మధ్యాహ్నం అదే మంచం మీద అరగంట నడుం వాల్చిన రోజులున్నాయి. ఎన్నడూ ఏదీ కనబడలేదు, వినబడలేదు. భయపడటానికి కూడా కొంచెం ఓపిక మిగిలుండాలి.

అసలు నేను రాసేది దయ్యం సంగతి కాదు. ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. బతికున్న ఒకామె నాకు కొన్ని సంగతులు చెప్పింది. అవి ఆమెకు తెలిసే దారి లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది మోతె మండలంలో ఒక తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు. నర్సింగ్ సూర్యాపేటలో చదివాను. పెళ్లి చేసుకుని కోదాడ వచ్చాను. మా ఆయన వీరన్నకు హైవే పక్కన షాపు ఉంది. లారీలకు వైరింగు చేస్తాడు, బ్యాటరీలు చూస్తాడు. మాకు ఒక్కతే పాప, అక్షర. నాకు మంచి జీతం దొరికింది మాత్రం మిర్యాలగూడలో, ఒక ప్రైవేటు దవాఖానలోని డయాలసిస్ విభాగంలో. వారమంతా అక్కడే ఒక కిరాయి గదిలో ఉండి, ఆదివారం హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. పాప అత్తమ్మ దగ్గర పెరిగింది. నేను గుమ్మంలోకి రాగానే అది నా బ్యాగు వంక చూసేది, మళ్లీ ఎప్పుడు పోతానో అన్నట్టు.

నాతో చదివిన ఒకమ్మాయి జర్మనీ వెళ్లింది. అక్కడ నర్సులు చాలడం లేదని, భాష నేర్చుకుంటే తీసుకుంటారని, కొన్నాళ్లకు పిల్లల్ని కూడా పిలిపించుకోవచ్చని ఫోన్లో చెప్పింది. పిల్లల్ని పిలిపించుకోవచ్చు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. వారానికి ఒక్క రోజు కాకుండా అన్ని రోజులూ పాపతో ఉండాలంటే ముందు ఇంకా దూరం పోవాలన్నమాట. తిక్క లెక్కే, కానీ నాకు అదొక్కటే దారిగా కనబడింది.

రెండేళ్లు పట్టింది. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఫోన్లో భాష క్లాసు. ఆదివారం పాప తల దువ్వుతూ క్రియాపదాలు వల్లెవేసేదాన్ని. కాగితాల పని ఇంకో ఎత్తు. పదో తరగతి మెమోలో మా ఇంటిపేరు బానోత్ అని ఉంది. నర్సింగ్ సర్టిఫికెట్లో బానోతు అని ఉంది. ఇంగ్లీషులో చివర ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం కోసం సూర్యాపేటలో ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. పెళ్లి రిజిస్ట్రేషన్ కూడా ఎప్పుడూ చేయించుకోలేదు. పెళ్లయిన ఏడేళ్లకు వీరన్న, నేను మళ్లీ ఫొటోలు దిగి సంతకాలు పెట్టాం. ఇది చదివేవాళ్లలో ఎవరైనా వెళ్లాలనుకుంటే, భాష మొదలుపెట్టకముందే మీ కాగితాలన్నీ నేల మీద పరిచి పేరులో అక్షరాలు సరిచూసుకోండి. వీసా కన్నా ఎక్కువ కాలం తినేది అదే.

ఆ రోజుల్లోనే సత్తెమ్మ మా దగ్గరికి డయాలసిస్‌కు వచ్చేది.

ఆమెకు అరవైకి దగ్గర్లో ఉంటాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఉడకబెట్టిన వడ్లను కళ్లంలో ఆరబోసి కాళ్లతో తిరగేసే పని. ఆమె అరికాళ్లు ఎండిన చెరువు అడుగులా పగిలి ఉండేవి. షుగరు, బీపీ కలిసి కిడ్నీలను తినేశాయి. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున ఏడింటికి కోడలు రేణుక ఆటోలో తీసుకొచ్చి దించేది. నాలుగు గంటలు మిషన్ మీద. ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు పెట్టాలి. ఆమె నాతోనే పెట్టించుకునేది. ఇంకెవరు వచ్చినా చెయ్యి దుప్పటి కిందికి లాక్కునేది.

మిషన్లు నడవడం మొదలయ్యాక కొంచెం తీరిక దొరికేది. నేను పుస్తకం తీసి కూర్చునేదాన్ని. ఏం చదువుతున్నానో ఆమె అడిగితే చెప్పాను. ఆమెకు జర్మనీ అంటే ఏమిటో తెలియదు. గాడ వడ్లు పండుతయా అని అడిగింది. పండవంటే, మరి మనుషులేం తింటరు అంది. మిల్లులుంటయా అని ఇంకోరోజు అడిగింది. ఆమెకు తెలిసిన లోకంలోంచి ఆమె అడగగలిగిన ప్రశ్నలు అవే. రేణుక చెప్పిన దాని ప్రకారం సత్తెమ్మ అటు యాదగిరిగుట్ట, ఇటు విజయవాడ దాటి ఎక్కడికీ పోలేదు. చదువు లేదు. ఇంట్లో ఉన్న ఫోను కొడుకుది. అది అతనితోపాటే లారీ మీద పోయేది.

ఒక గురువారం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆమెకు బీపీ పడిపోయింది. మిషన్ మీద ఇది మామూలే. ఒంట్లో నీరు ఎక్కువగా లాగితే అట్లా అవుతుంది. నేను కాళ్ల వైపు మంచం ఎత్తు చేసి సెలైన్ వదిలాను. పక్కన టెక్నీషియన్ సైదులు మిషన్ చూస్తున్నాడు. సత్తెమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఉన్నట్టుండి మాట్లాడింది.

"ఆ ఇంట్ల బుగ్గలుండవ్. మీదికెల్లి వైర్లు ఏలాడుతుంటయ్. పోంగనే బుగ్గ కొనుక్కో."

మా వైపు పెద్దవాళ్లు కరెంటు బల్బును బుగ్గ అంటారు. సైదులు నవ్వి, ఎవరింట్లో పెద్దమ్మా అని అడిగాడు. ఆమె పలకలేదు. పది నిమిషాలకు బీపీ సర్దుకుంది, కళ్లు తెరిచింది. బుగ్గ సంగతేమిటని నేను అడిగితే, ఏ బుగ్గ అంది. తనకేమీ తెలియదంది. అట్లాంటప్పుడు పేషెంట్లు ఏదేదో మాట్లాడతారు. నేను పట్టించుకోలేదు.

వారం తిరక్కుండా మళ్లీ జరిగింది. అదే మూడో గంట, అదే బీపీ. ఈసారి ఐతారం దుకాణాలన్నీ బంద్ ఉంటాయని, శనివారమే అన్నీ తెచ్చుకోమని చెప్పింది. చిట్టీలు వేసే డబ్బా మీద పేరు రాసుకోమంది, రాయకపోతే చిట్టి వాపస్ పోతుందంది. గొంతు ఆమెదే, భాష ఆమెదే. అయితే మామూలుగా బిడ్డా, సిస్టరూ అని పిలిచే మనిషి అప్పుడు ఏ పిలుపూ లేకుండా మాట్లాడేది. ఊరికి పోయేవాళ్లకు వెనకనుంచి జాగ్రత్తలు చెప్పినట్టు ఉండేది.

నేను ఆమె మొహం వంక చూశాను. ఎందుకంటే ఆమె అన్నవన్నీ నేను అప్పటికే విన్నాను. జర్మనీ వెళ్లిన తెలుగువాళ్లు పెట్టే వీడియోల్లో ఇవన్నీ చెబుతారు. ఆదివారం అంగళ్లు మూసేస్తారని, పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం ఇవ్వరని, ఖాళీ ఇల్లు తీసుకుంటే బల్బు కూడా మనమే పెట్టుకోవాలని. ఇయర్‌ఫోన్ పాడైనప్పుడు రెండు మూడుసార్లు ఆ వీడియోలు వార్డులోనే చిన్నగా పెట్టుకుని విన్నాను.

సైదులు కూడా అదే అన్నాడు. "నీ ఫోన్ల మాటలే అక్కా. ఇనీ ఇనీ ఆమెకు సుత బట్టీ అయినయ్."

నిజమే అనిపించింది. అప్పుడు నిజంగానే మనసు తేలికపడింది. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్నే కాదు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మాట్లాడింది. అప్పటికి నేను నా భాష పుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. కారణం ఏమీ లేదు, చార్టు రాసే చెయ్యి కదా, అలవాటు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూడోసారి చెప్పింది ఇది. రెండంతస్తులు ఎక్కాలి. కింద పచ్చ తలుపు. ఆ తలుపు వెనక ముసలామె ఉంటుంది, ఎడమ కాలు గుంజుకుంటూ నడుస్తుంది. ఆమె ఎదురైతే ఊరికే పోకుండా దండం పెట్టాలి.

ఇది ఏ వీడియోలోనూ లేదు. అప్పటికి నాకు ఉద్యోగం ఏ ఊళ్లో ఇస్తారో కూడా తెలియదు. ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. మా వైపు పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. నేను పుస్తకంలో పచ్చ అనే రాశాను.

నాలుగోసారి ఒక శనివారం. ఆ రోజు సైదులు సెలవు. వార్డులో మిగతా ఇద్దరు పేషెంట్లూ నిద్రలో ఉన్నారు. అంటే విన్నది నేనొక్కదాన్నే.

"తలుపు దానంతటదే పడ్తది. చాబి మెడకేస్కో," అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. నేను సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. మళ్లీ అంది. "మరిస్తివా, పచ్చ తలుపామె కాడ ఇంకోటుంటది. అడుగు, ఇస్తది. జల్ది అడుగు."

జల్ది అన్న దగ్గర మాత్రం ఆమె నొసలు ముడిపడింది. కళ్లు తెరిచాక ఎప్పటిలాగే ఏమీ తెలియదంది. దూప అయితుంది, ఒక గుక్క నీళ్లియ్యమంది. మిషన్ మీద ఉన్నంతసేపూ నీళ్లు మేమే కొలిచి ఇస్తాం. నేను మూతతో పోశాను.

ఆ ఆదివారం పుస్తకం వీరన్నకు చూపించాను. అతను చదివి పక్కన పెట్టాడు. నిద్ర చాలక నాకు అట్లా వినబడుతోందన్నాడు. నిద్ర చాలని మాట నిజం. పైగా నేను వెళ్లడం అతనికి మొదటినుంచీ ఇష్టం లేదు. వద్దు అనలేదు, సరే అనీ అనలేదు. ఆ పుస్తకం అతనికి నేను వెతుక్కున్న ఇంకో సాకులా కనబడి ఉంటుంది.

నేను మానేసే రోజు సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని, నువ్వు సూది పెడితే నొప్పి తెలియకపోయేది బిడ్డా అంది. అంతే. జర్మనీలో ఇంటి గురించి గానీ తలుపు గురించి గానీ ఒక్క మాట లేదు.

అక్కడికి వెళ్లాక ఆసుపత్రివాళ్లు నర్సుల హాస్టల్లో గది ఇచ్చారు. గదిలో లైటు ఉంది. తలుపులన్నీ తెల్లవి. ఎనిమిదో అంతస్తు, లిఫ్టు. కింద ముసలామె ఎవరూ లేరు. నేను సత్తెమ్మ మాటలు మర్చిపోయాను. గుర్తుపెట్టుకునే తీరిక కూడా లేదు. మొదటి ఏడాదంతా నన్ను నర్సుగా గుర్తించలేదు, పరీక్ష పాసయ్యేదాకా సహాయకురాలినే. పదకొండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఇరవై ఏళ్ల పిల్ల చెప్పినట్టు పక్కలు మార్చాను. బాధ లేదు. అలసట మాత్రం ఎముకల్లోకి దిగింది.

పరీక్ష అయింది. ఇక పాపను పిలిపించుకోవాలంటే విడిగా కిరాయి ఇల్లు ఉండాలన్నారు. మనిషికి ఇంత చోటు అని లెక్క ఉంటుంది, ఇంటి ఒప్పందం కాగితం చూపిస్తేనే పిల్లకు వీసా. ఈ సంగతి నాకు ముందు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పి ఉంటే మొదటి నెలనుంచే వెతికేదాన్ని. ఇల్లు దొరకడం అక్కడ ఉద్యోగం దొరకడం కన్నా కష్టం. ఎన్ని ఉత్తరాలు పెట్టానో, ఎన్ని ఇళ్ల ముందు వరసలో నిలబడ్డానో. చివరికి ఒక పాత ఇంట్లో రెండో అంతస్తు దొరికింది. తోటి నర్సు ఒకామె ఇంటాయనతో మాట్లాడితే, ఆయన నేను చూడకముందే నాకు ఖాయం చేశాడు. నైట్ డ్యూటీల మధ్య నాకు వెళ్లి చూసే వీలు కుదరలేదు. కాగితం మీద సంతకం పెట్టేశాను.

తాళాలు ఇచ్చింది ఒక శనివారం సాయంత్రం. మొత్తం మూడు తాళంచెవులు, అన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాయించుకున్నాడు. నేను సూట్‌కేసుతో మెట్లెక్కి తలుపు తెరిచి స్విచ్ నొక్కాను. వెలగలేదు. తలెత్తి చూస్తే కప్పులోంచి మూడు వైర్లు వేలాడుతున్నాయి.

సూట్‌కేసు మీదే కూర్చుండిపోయాను. భయం కాదు. ఎవరో నా కన్నా ముందే వచ్చి ఇల్లంతా తిరిగి చూసి వెళ్లినట్టు అనిపించింది. మర్నాడు ఆదివారం. అంగళ్లు మూసేసి ఉన్నాయి. అంత స్పష్టంగా చెప్పించుకుని కూడా రెండు రోజులు బల్బు లేకుండా గడిపాను.

సోమవారం కిందికి దిగుతూ చూశాను. కింది అంతస్తులో ఎడమ పక్కన తలుపు ఆకుపచ్చ రంగు. మిగతా తలుపులన్నీ గోధుమరంగువే. అది తెరుచుకుని ఒకావిడ చెత్త సంచీతో బయటికి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. ఏ కాలు ఈడుస్తోందో చూడాలని నేను మెట్ల మీద పిచ్చిదానిలా నిలబడ్డాను. ఎడమ కాలు. నేను పలకరించాను. ఆవిడ తలూపింది.

తాళంచెవి సంగతి ఆవిడను అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఏమని అడగను? మీ దగ్గర మా ఇంటి తాళం ఉందా అంటే నన్ను ఏమనుకుంటుంది? అడగలేదు. ఒక తాడుకు చెవి కట్టుకుని మెడలో వేసుకున్నాను. తోటి నర్సులు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను.

నాలుగు నెలలకు పాప వచ్చింది. రెండేళ్లలో అది ఎంత ఎదిగిందంటే, ఎయిర్‌పోర్టులో ఒక్క క్షణం నేను గుర్తుపట్టలేదు. అది కూడా నన్ను చూసి ఆగిపోయింది. వచ్చిన రెండో వారం దానికి జ్వరం పట్టుకుంది. ఒక శనివారం మధ్యాహ్నం మందు వేసి లోపలి గదిలో పడుకోబెట్టాను. పిలవగానే లేచే రకం కాదు, మందు వేస్తే మొద్దు నిద్ర పోతుంది. నేను స్నానం చేసి వచ్చి, చారు పోపు కోసం పొయ్యి మీద నూనె పెట్టాను. అక్కడివి కరెంటు పొయ్యిలు, మన గ్యాసులాగా కట్టేయగానే చల్లారవు. గుమ్మం దగ్గర తడి బూట్లు కనబడ్డాయి. వాటిని బయట పెడదామని ఒక్క అడుగు వేశాను. లోపల కిటికీ తెరిచి ఉంది. గాలికి నా వెనక తలుపు మూసుకుపడింది.

అక్కడి తలుపులు అట్లాంటివే. పడితే బయటనుంచి చెవి లేకుండా తెరుచుకోవు. మెడ తడుముకున్నాను. స్నానానికి పోయినప్పుడు తీసి కొక్కేనికి తగిలించాను.

తలుపు బాదాను. పాపను పిలిచాను. మా భాషలో పిలిచాను, తెలుగులో పిలిచాను. పలకలేదు. ఫోను లోపల. ఎదురింట్లో ఎవరూ లేరు. నూనె కాగిన వాసన తలుపు సందులోంచి వస్తోంది. అప్పుడు నాకు సత్తెమ్మ గుర్తొచ్చిందని చెప్పను. ఏదీ గుర్తు రాలేదు. కాళ్లు మాత్రం కిందికి దిగాయి. పచ్చ తలుపు కొడుతున్నాను, కొడుతూ జర్మన్‌లో తాళంచెవి, తాళంచెవి అని ఒక్క మాటే అంటున్నాను.

ఆవిడ తలుపు తీసి నా మొహం చూసింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయి, సొరుగు లాగి, కుట్టుసామాను పెట్టుకునే రేకు డబ్బా తెరిచింది. దారపు ఉండల కిందినుంచి ఒక చెవి తీసి నా చేతిలో పెట్టింది.

పైకి పరిగెత్తి తలుపు తీశాను. వంటిల్లంతా పొగ. నూనె నల్లగా అయి అంచుల్లో మరుగుతోంది, ఇంకా అంటుకోలేదు. గుడ్డతో గిన్నె పక్కకు జరిపి పొయ్యి ఆపి, లోపలి గదిలోకి పోయాను. పాప బోర్లా పడుకుని నిద్రపోతోంది. దాని వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందని తెలిశాక కూడా తీయలేదు.

కాసేపటికి ముసలావిడ మెల్లగా మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ ఒక ప్రశ్న అడిగింది. ఆ చెవి చాలా ఏళ్ల కింద ఈ ఇంట్లో ఉన్న ఒక టీచరు తన దగ్గర దాచుకుందట. ఆమె ఖాళీ చేసి పోయింది, చెవి ఉండిపోయింది. ఇంటాయనకు కూడా తెలియదు. మరి నీకు ఎవరు చెప్పారు?

నాకు వచ్చిన జర్మన్ చాలలేదు. మా ఊళ్లో ఒక పేషెంటు అన్నాను. నేను ప్రశ్న సరిగ్గా అర్థం చేసుకోలేదనుకుని ఆవిడ నా భుజం తట్టి దిగిపోయింది.

ఆ రాత్రే సైదులుకు ఫోన్ చేశాను. అతను ఇప్పుడు ఖమ్మంలో పనిచేస్తున్నాడు. బుగ్గ మాట గుర్తుందన్నాడు. మిగతావి గుర్తు లేవన్నాడు. సత్తెమ్మ ఇంకా మా పాత దవాఖానకే వస్తోందని, బాగా చిక్కిపోయిందని చెప్పాడు.

ఈ ఎండాకాలం సెలవులకు పాపను తీసుకుని కోదాడ వచ్చాను. వచ్చిన మూడో రోజు వీరన్న మనసులో ఉన్నది చెప్పాడు. తను అక్కడికి రాడు. భాష క్లాసుకు నాలుగు రోజులు పోయి మానేశాడు. "అక్కడి లారీలకు నేనెవర్ని?" అన్నాడు. నువ్వు పోతే పో, పాపనన్నా ఇక్కడ ఉంచు అన్నాడు. అరవలేదు. అతను కూడా అలసిపోయాడు. రెండేళ్లు దానికి జడలు వేసింది, బడికి దింపింది అతనే. పాపను అడిగితే అది ఇద్దరి మొహాలూ చూసి బయటికి పోయింది.

నేను మిర్యాలగూడ వెళ్లాను. సత్తెమ్మను చూడాలని వెళ్లాననే ఇంట్లో చెప్పాను. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు.

డయాలసిస్ గదికి కొత్త రంగు వేశారు. సత్తెమ్మ కిటికీ పక్క తన పాత మంచం మీదే ఉంది. ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయిందని కుడి చేతికి సూదులు పెడుతున్నారు. నన్ను గుర్తుపట్టి సంతోషపడింది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. బల్బులు, పచ్చ తలుపు, చెవి, నూనె. రేణుక కూడా విని నోటి మీద చెయ్యి వేసుకుంది. సత్తెమ్మ మాత్రం వేరేవాళ్ల సంగతి విన్నట్టు విన్నది.

"నేన్జెప్పిన్నా గిన్ని మాటలు?" అంది. "నాకు మిర్యాలగూడ దాటితె తొవ్వ తెల్వది బిడ్డా. పిల్ల పానం మంచిగున్నదా?"

మంచిగుందన్నాను.

నేను ఆ నాలుగు గంటలూ అక్కడే ఉన్నాను. అక్కడి సిస్టర్‌కు చెప్పి, మూడో గంటకు నేనే బీపీ చూశాను. పడింది. ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నేను సెలైన్ వదలడం ఒక్క క్షణం ఆలస్యం చేశాను. వంగి నా చెవి ఆమె నోటి దగ్గర పెట్టి, పాపను తీసుకుపోవాలా, ఉంచాలా పెద్దమ్మా అని అడిగాను.

"కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా," అంది సత్తెమ్మ.

అంతకు మించి ఏమీ లేదు. నేను సెలైన్ వదిలి ఆమె కాళ్ల దగ్గరికి పోయి పిక్కలు పిసికాను. మిషన్ పని అయిపోయేదాకా పిసుకుతూనే ఉన్నాను. నన్ను నేను తిట్టుకుంటూ పిసికాను.

నిర్ణయం నేనే తీసుకున్నాను. పాపను నాతోనే తీసుకుపోతానని చెప్పాను. తప్పో ఒప్పో ఇంకా తెలియదు. వీరన్న రెండు రోజులు షాపులోనే పడుకున్నాడు. బయలుదేరే రోజు సూర్యాపేటలో షాపుకు సామాను తెచ్చుకోవాలని, అక్కడిదాకా మాతో హైదరాబాద్ బస్సెక్కాడు. సామాను కోదాడలోనే దొరుకుతుంది. పాప అతని ఒళ్లో తల పెట్టి పడుకుంది. దారి పొడుగునా అతను దాని జుట్టు సర్దుతూ కూర్చున్నాడు.

సూర్యాపేట బస్టాండులో పాపను లేపకుండా దాని తల నా ఒళ్లోకి మార్చి లేచాడు. మెట్టు దాకా పోయి వెనక్కి వచ్చాడు. ఆ పుస్తకాన్ని అప్పట్లో చదివి పక్కన పెట్టిన మనిషి.

"ఆమె నా గురించి ఏమన్నా చెప్పిందా?" అని అడిగాడు.

లేదన్నాను. అతను తలూపి దిగిపోయాడు. చెప్పింది ఆమేనో, ఆమె నోటితో ఇంకెవరో, నాకే ఎందుకు చెప్పారో ఈ రోజుకీ నాకు తెలియదని కూడా అనాలనుకున్నాను. అప్పటికే బస్సు కదిలింది.